ఇంటి కంటే ముందు కాగితం

తెలంగాణలో ఇందిరమ్మ ఇంటి కోసం ప్రజాపాలన ద్వారా ప్రభుత్వానికి అందిన దరఖాస్తులు 80 లక్షలకు పైమాటే. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ఊరూరా, వార్డు వార్డునా బారులు తీరి జనం ఇచ్చిన అర్జీలవి. తొలి విడతగా మంజూరు చేయదలచిన ఇళ్లు నాలుగున్నర లక్షలు. నియోజకవర్గానికి 3,500 చొప్పున ఇచ్చేవీ, ప్రభుత్వం తన వద్ద అట్టిపెట్టుకున్నవీ అన్నీ కలిపితేనే ఈ సంఖ్య. పద్దెనిమిది మంది చేయి చాపితే ఒకరి చేతిలో పడే లెక్క ఇది. ఇటువంటి పరిస్థితిలో ఎవరిని ఉంచాలన్న ప్రశ్న కంటే ఎవరిని తీసివేయాలన్న ప్రశ్నే కార్యాలయాలలో ముందుకు వస్తుంది. తీసివేయడానికి అన్నిటికంటే సులభమైన కారణం కాగితంలోని లోపం. మన మొహల్లాలలోని పేద కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

ప్రతి తిరస్కరణకూ వివక్షే కారణమని చెప్పుకోవడం మనలో అలవాటుగా మారింది. వివక్ష లేదని ఈ సంపాదకీయం అనడం లేదు. ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో కనీస వసతుల కొరతను సచార్ కమిటీ 2006లోనే దేశం ముందు పెట్టింది. ఆ వీధులు నేటికీ మన కళ్లెదుటే ఉన్నాయి. అయితే ఒక పేదరాలి దరఖాస్తు ఎందుకు పక్కన పడిందో ఆ దరఖాస్తు వెంట నడిచి చూసినవారికి తెలుస్తుంది. చాలాసార్లు దాని మీద మతాన్ని గురించిన మాట ఏదీ ఉండదు. "స్థలం పత్రాలు లేవు", "ఆధార్‌లో పేరు సరిపోలేదు", "ఒకే రేషన్ కార్డులో మరొకరికి ఇల్లు ఉన్నది" అన్న మూడు నాలుగు ముక్కలే కనిపిస్తాయి. వీటికి ధర్నాతో జవాబు దొరకదు. వీటిలో కొన్నిటికి మనమే జవాబు చెప్పగలం. మిగిలినవాటికి ప్రభుత్వం చెప్పాలి. ఏది ఎవరి బాధ్యతో తేల్చుకోకుండా వినతిపత్రాలు ఇచ్చి ఫొటోలు దిగినందువల్ల ఇంతవరకు ఒక్క గోడ కూడా లేవలేదు.

ముందుగా పథకం స్వభావాన్ని అర్థం చేసుకోవాలి. ఇందిరమ్మ పథకంలో ప్రభుత్వం ఇంటిని కట్టి ఇవ్వడం లేదు. సొంత స్థలం ఉన్న పేదవారు కట్టుకుంటే అయిదు లక్షల రూపాయలు నాలుగు విడతలుగా ఇస్తుంది. దరఖాస్తుదారులను మూడు జాబితాలుగా విడదీశారు. స్థలం ఉండి ఇల్లు లేనివారు ఎల్1, స్థలమూ ఇల్లూ రెండూ లేనివారు ఎల్2, మిగిలినవారు ఎల్3. తొలి విడత ఎల్1 వారికే. వినడానికి ఇందులో అన్యాయమేమీ కనిపించదు. కాని తెలంగాణ జనాభాలో ముస్లింలు 2011 జనాభా లెక్కల ప్రకారం 12.7 శాతం. వారిలో అధిక సంఖ్యాకులు నివసిస్తున్నది పట్టణాలలో. ఒక్క హైదరాబాదు జిల్లాలోనే వారు 43 శాతానికి పైగా ఉన్నారు. ఆటో నడిపేవాడు, పండ్ల బండి తోసేవాడు, వెల్డింగ్ షాపులో కూలికి పోయేవాడు, నిజామాబాదులో బీడీలు చుట్టే స్త్రీ, వీరందరూ బతుకుతెరువు ఉన్నచోట ఒకటి రెండు గదులు అద్దెకు తీసుకుని ఉన్నవారు. పల్లెలో పేదవానికి పాత ఊరిలో తాతల నాటి జాగా అయినా, ఏనాడో ప్రభుత్వం ఇచ్చిన పట్టా అయినా ఉండే అవకాశం ఉన్నది. పట్టణంలో అద్దెకున్న పేదవానికి ఒక గజం నేల కూడా లేదు. అతడు ఎంత పేదవాడైనా ఎల్2లో చేరి, ఎప్పుడో చెప్పని రోజు కోసం ఎదురుచూడవలసినదే. అంటే పేదరికం ఎక్కువైన కొద్దీ వరుసలో వెనక్కు పోతున్నాడన్నమాట. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

ఎల్1కు అర్హులైన మనవారి సంగతి ఇంకా చిక్కయినది. వారికి స్థలం ఉన్నది, కాగితం లేదు. పాత మొహల్లాలలో రేకుల కప్పు కింద, పెంకుటింటిలో ముప్పై నలభై ఏళ్లుగా ఉంటున్న కుటుంబాలను అడగండి. ఇంటి పన్ను రసీదు తాతగారి పేరు మీదనే వస్తూ ఉంటుంది. ఆయన పోయి పాతికేళ్లు. విరాసత్ ఎవరూ తేల్చుకోలేదు. పన్ను కడుతున్నాం గనుక ఇల్లు మనదే అన్న ధీమాతో అందరూ కాలం గడిపేస్తారు.

ఒక లెక్క చూడండి. ఎనభై గజాల ఇల్లు వదిలి ఒకాయన చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. షరియత్ ప్రకారం పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, అంటే పది గజాలు. మిగిలిన డెబ్బయి గజాలలో కొడుకులకు తలా ఇరవైమూడు గజాల పైచిలుకు, కూతుళ్లకు తలా పదకొండున్నర గజాల పైచిలుకు. పథకం ప్రకారం ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. ఒకే అంతస్తులో కట్టాలంటే నలభై అయిదు గజాల నేల అయినా కావాలి. ఈ అయిదుగురిలో ఏ ఒక్కరి వాటాలోనూ ఒకే అంతస్తు ఇల్లు లేవదు. కార్యాలయంవారు అడిగేది "స్థలం నీ ఒక్కరిదేనా?" అని. కాదంటే దరఖాస్తు ఆగుతుంది. అవునంటే రేపు అక్కచెల్లెళ్లు అభ్యంతరం చెప్పిన రోజున పని ఆగుతుంది.

దీనికి మార్గం లేకపోలేదు. ముందుగా మరణ ధ్రువీకరణ పత్రం, తరువాత తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. మరణం నమోదు కాకుండా ఏడాది దాటిపోయి ఉంటే ఆర్డీఓ ఉత్తర్వు కావలసివస్తుంది. ఖబ్రస్తాన్ కమిటీ రిజిస్టరులో ఖననం తేదీ రాసి ఉంటే అది ఇటువంటి సమయంలో ఆధారంగా పనికివస్తుంది. మన కమిటీలు ఆ రిజిస్టరును ఎంత నిర్లక్ష్యంగా ఉంచుతున్నాయో వేరే చెప్పాలా? ఆ తరువాత వారసులందరూ కూర్చుని, ఒకరి పేరున ఇల్లు కట్టుకోవడానికి మిగిలినవారి సమ్మతిని రాతలో పెట్టుకోవాలి. తల్లి బతికి ఉన్నచోట ఆమెనే దరఖాస్తుదారుగా పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఇల్లు ఇంటి ఆడవారి పేరుననే మంజూరవుతుంది గనుక ఇది పథకానికీ సరిపోతుంది, పిల్లల మధ్య తగవుకూ తావు తగ్గుతుంది. ఒక్క హెచ్చరిక. ఇంటి పథకాన్ని సాకుగా చూపి అక్కచెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు చేయించుకుంటున్న అన్నదమ్ములు కూడా ఉన్నారు. సమ్మతి వేరు, వాటా వదులుకోవడం వేరు. వాటా వదులుకునే చెల్లెలికి దాని విలువ చేతిలో పడిందా లేదా అని జమాత్ పెద్దలు అడిగి తీరాలి.

ఇక హిబా. తండ్రి నలుగురి ఎదుట "ఈ భాగం నీకిచ్చాను" అన్నాడు, కూతురు పుచ్చుకున్నది, తాళం ఆమె చేతికి వచ్చింది. మన ధర్మశాస్త్రంలో అది సంపూర్ణమైన దానం. ప్రకటన, అంగీకారం, స్వాధీనం అన్న మూడూ ఉంటే చాలు. దేశ చట్టం కూడా దీనిని ఒప్పుకున్నది. ఆస్తి బదిలీ చట్టంలోని 129వ సెక్షను ముస్లింల హిబాను ఆ చట్టంలోని దాన నిబంధనల నుంచి మినహాయించింది. హిబాను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసు. న్యాయస్థానంలో ఇంత బలమున్న హిబాకు పురపాలక కార్యాలయంలోని కౌంటరు దగ్గర ఏ విలువా ఉండదు. అక్కడ కూర్చున్న ఉద్యోగి సుప్రీంకోర్టు తీర్పు చదివి ఉండడు, చదివినా సొంత బాధ్యత మీద పేరు మార్చడు. అతనికి కావలసింది నంబరు వేసిన దస్తావేజు. కనుక హక్కు మనదే అన్న వాదనను కోర్టు కోసం దాచుకుని, హిబాను రిజిస్టరు చేయించుకోవడమే తెలివి. కుటుంబంలోని దానానికి అయ్యే ఖర్చు అమ్మకపు దస్తావేజుకు అయ్యేదానికంటే తక్కువ. ఆ తరువాత ఇంటి పన్ను పుస్తకంలో పేరు మార్పించుకోవడం మరచిపోకూడదు. రిజిస్ట్రేషన్ అయిన రోజుతో పని అయిపోయిందనుకుని పదేళ్లు ఊరుకున్నవారు ఎందరో ఉన్నారు.

నోటరీ కాగితాల మీద కొన్న జాగాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నోటరీ సంతకం వల్ల ఆస్తి హక్కు బదిలీ కాదు. ఆ జాగా వక్ఫ్ భూమి అయితే ఇక చెప్పేదేమున్నది, అది అమ్మడానికి వీలులేని భూమి. పేదవాని చేత లక్షలు పెట్టించి వక్ఫ్ జాగా అంటగట్టినవాడు మనవాడే కావడం, ఆ మొహల్లాలో పెద్దమనిషిగా చలామణీ కావడం మనం చూస్తున్నదే. ప్రభుత్వ భూమిలో ఏళ్ల తరబడి ఇల్లు వేసుకుని ఉంటున్నవారి సంగతి వేరు. 2014లో వచ్చిన 58వ జీవో కింద 125 గజాల వరకు పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. అప్పుడు దరఖాస్తు పెట్టుకుని పట్టా పొందినవారు దానిని భద్రంగా బయటకు తీయాలి, అదే ఇప్పుడు ఇంటికి ఆధారం.

పేర్ల విషయం చూడటానికి చిన్నది. కాని అందువల్ల పోయిన ఇళ్లు తక్కువేమీ కావు. మన పేర్లు ఉర్దూలో పలికి, తెలుగులో విని, ఇంగ్లీషులో టైపు చేసినవి. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, రేషన్ కార్డులో ఎం.డి., బ్యాంకు పుస్తకంలో మొహమ్మద్. ఆడవారికైతే ఇంటిపేరుగా షేక్ ఒకచోట ముందుంటుంది, మరొకచోట వెనక ఉంటుంది, ఇంకొకచోట ఉండనే ఉండదు. పుట్టింట పెట్టిన పేరులోని "బీ" పెళ్లయ్యాక "బేగం" అవుతుంది, ఓటరు జాబితాకు వచ్చేసరికి "బి" అనే పొడి అక్షరమై మిగులుతుంది. ఖాజా బీ, ఖాజాబి, షేక్ ఖాజా బేగం ముగ్గురూ ఒక్కరేనని వీధి అంతటికీ తెలుసు. కంప్యూటరుకు తెలియదు. ఇంటి డబ్బు ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాలోకి నేరుగా పడుతుంది గనుక, మంజూరయి పునాది లేచిన తరువాత కూడా పేరు తేడా వల్ల సొమ్ము ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

సరిచేయించుకోవడానికి తొందరపడి వెళ్లేవారికి ఒక మాట. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితకాలంలో రెండుసార్లే అవకాశం ఇస్తారు, పుట్టిన తేదీకి ఒక్కసారే. కనుక సెంటరుకు వెళ్లేముందే ఇంట్లోని కాగితాలన్నీ ఒకచోట పరచి, ఏ అక్షరాల వరుసను ఖాయం చేసుకోవాలో తేల్చుకోవాలి. నా దృష్టిలో ఆ కుటుంబంలో అతి పాతదైన, మార్చడానికి అతి కష్టమైన కాగితాన్ని, అంటే స్థలం దస్తావేజునో బడి సర్టిఫికేటునో ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవాటిని దానికి సరిపోల్చాలి. ఆధార్‌కు అనుగుణంగా దస్తావేజును మార్చబోతే రెండింటికీ చెడతారు.

రేషన్ కార్డుది మరో కథ. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డులు రాలేదు. 2025లో మళ్లీ ఇవ్వడం మొదలైంది. ఈ మధ్యకాలంలో పెళ్లిళ్లయిన కొడుకులు, వారి భార్యాబిడ్డలు తండ్రి కార్డులోనే ఉండిపోయారు. ఒక కార్డు అంటే సర్కారు లెక్కలో ఒక కుటుంబం. తండ్రికి స్లాబ్ ఇల్లు ఉంటే, అద్దె గదిలో వేరు కాపురం ఉంటున్న కొడుకు కూడా ఇల్లున్నవాడే. గ్రామాలలో ఏడాదికి లక్షన్నర, పట్టణాలలో రెండు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు ఆహార భద్రత కార్డుకు అర్హులు. వేరు కాపురాలవారు ఇంటి జాబితా కోసం ఆగకుండా ముందు కార్డు విడదీయించుకోవాలి.

భర్త వదిలివేసిన స్త్రీలు, ఖులా తీసుకున్నవారు, తలాఖ్ పొందినవారు వీరందరికంటే నలిగిపోతున్నారు. చాలామంది చేతిలో తలాఖ్‌కు సంబంధించి ఒక్క పంక్తి రాతకూడా లేదు. రేషన్ కార్డులో ఆమె ఇంకా భర్తతోనే ఉన్నది, అతనికి మరొక ఊరిలో మరొక సంసారం ఉన్నది. ఖాజీ దగ్గర ఖులానామా ఉన్నవారు దాని నకలు జతపరచాలి. తెలంగాణలో 2017 నుంచి అమలవుతున్న ఒంటరి మహిళ పింఛను పొందుతున్నవారు ఆ మంజూరు పత్రాన్ని చేర్చాలి. ఒక ప్రభుత్వ శాఖ ఆమెను ఒంటరి స్త్రీగా ఒప్పుకున్న తరువాత మరొక శాఖ కాదనడం అంత తేలిక కాదు. ఖాజీ సాహెబులకు మా వినతి ఒక్కటే. నికాహ్ నమోదులో చూపే శ్రద్ధ విడిపోయినవారి విషయంలోనూ చూపి, అడిగిన స్త్రీకి పుస్తకంలోని నకలును జాప్యం లేకుండా ఇవ్వాలి.

ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసినవాడిని గనుక కౌంటరుకు అవతలివైపు ఏమి జరుగుతుందో కొంత చెప్పగలను. గుమాస్తా దరఖాస్తును మొదటి నుంచి చివరకు చదవడు. ముందు పేరు, తరువాత కార్డు నంబరు, ఆపైన జతపరచిన కాగితాలు చూస్తాడు. రెండు పేర్లు సరిపోలకపోతే అక్కడే పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. ఆ గీత పడిన కాగితం కట్టలో అడుగుకు పోతుంది. అందులో ద్వేషం లేదు, పైవాడు అడిగితే జవాబు చెప్పుకోవాలన్న భయం ఉన్నది. అదే గుమాస్తా ముందుకు, తేదీ వేసి, జతపరచిన కాగితాలకు వరుస సంఖ్యలు వేసి, పేరు తేడా ఉన్నచోట ఇద్దరూ ఒక్కరేనని తహసీల్దారు ధ్రువపత్రమో నోటరీ అఫిడవిటో జోడించి ఇచ్చిన దరఖాస్తు వస్తే గీత గీయడానికి అతనికి చోటుండదు. నోటరీ కాగితంతో జాగా రాదని పైన అన్నాను. ఇటువంటి వాఙ్మూలానికి మాత్రం అది సరైన సాధనమే.

ఏ కాగితం ఇచ్చినా రసీదు అడగండి. "మీరు పొండి, మేము చూసుకుంటాం" అన్న మాటకు తేదీ ఉండదు, ముద్ర ఉండదు. రసీదు ఇవ్వకపోతే అదే దరఖాస్తు నకలును సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇచ్చి నంబరు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజున ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నది. పేరు జాబితా నుంచి ఎందుకు తీసివేశారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. ముప్పై రోజులలో జవాబు చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు కార్డు నకలు జతచేస్తే రుసుము లేదు. "మా ఇల్లు ఎందుకు రాలేదు?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు. "ఫలానా నంబరు దరఖాస్తుపై జరిగిన క్షేత్ర పరిశీలన నివేదిక నకలు ఇవ్వండి" అని అడిగితే తప్పనిసరిగా ఇవ్వవలసివస్తుంది.

దళారుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇల్లు ఇప్పిస్తానని పేదల వద్ద వేలకు వేలు వసూలు చేస్తున్నవారు పార్టీల జెండాలు మార్చుతూ ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. ఇంటి దరఖాస్తుకు రుసుము లేదు. లంచం అడిగిన ఉద్యోగి మీద తెలంగాణలో 1064కు ఫోను చేసి అవినీతి నిరోధక శాఖకు చెప్పవచ్చు.

ఇల్లు మంజూరైనంత మాత్రాన కష్టం తీరదు. తొలి లక్ష రూపాయలు చేతికి వచ్చేది బేస్‌మెంట్ పూర్తయి, అధికారి వచ్చి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించిన తరువాత. ముగ్గు పోసిన నాటి నుంచి బేస్‌మెంట్ లేచే దాకా కంకర, ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి అన్నీ పేదవాడే పెట్టుకోవాలి. అంత డబ్బే ఉంటే అతడు పేదవాడెందుకవుతాడు? మహిళా సంఘంలో సభ్యురాలైనవారికి సంఘం ద్వారా అప్పు దొరుకుతున్నది. మన స్త్రీలలో సంఘాలలో చేరినవారు తక్కువ. ఇక మిగిలింది వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేసే మైక్రోఫైనాన్స్ వారు. వడ్డీని హరామని నమ్మే కుటుంబం సర్కారు ఇంటి కోసం వడ్డీలో కూరుకుపోవడం చూస్తూ ఊరుకోవడమేనా? మన బైతుల్‌మాల్‌లు చేయదగిన పని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తున్నది. మంజూరు పత్రం చూసి బేస్‌మెంట్ దశకు మాత్రమే ఖర్జె హసనా ఇచ్చి, తొలి విడత ఖాతాలో పడగానే తిరిగి తీసుకోవచ్చు. సొమ్ము తిరిగి వచ్చే దారి ముందే తెలిసిన అప్పు ఇది. ఒక ఇంటికి ఇచ్చినది కొన్ని నెలల్లో మరొక ఇంటికి అందుతుంది. పెళ్లి విందులకు లక్షలు పోగుచేసే మొహల్లాలో దీనికి నిధి కుదరదంటే నమ్మలేము.

కొలతలు కూడా మరచిపోకూడదు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఉంటాం గనుక కాస్త పెద్దది వేసుకుందామని పునాది పెంచినవారికి బిల్లు ఆగిపోయింది. పట్టణాలలో అరవై గజాల లోపు జాగా ఉన్నవారు కింద, పైన రెండు అంతస్తులుగా కట్టుకోవడానికి 2025లో ప్రభుత్వం అనుమతించింది. ఇరుకు గల్లీలలో ఉండే మనవారికి ఇది నిజంగా ఉపయోగపడే సడలింపు. తమ చిన్న జాగాలో ఇల్లు రాదనుకుని దరఖాస్తు వదులుకున్నవారికి ఈ సంగతి తెలియజేయాలి.

ఇప్పుడు ఎల్2 దగ్గరకు వద్దాం. కాగితాలను మనం సరిచేసుకోగలం, లేని నేలను సృష్టించలేము. ఇది పూర్తిగా ప్రభుత్వం జవాబు చెప్పవలసిన ప్రశ్న. 2015లో తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల పథకం వచ్చినప్పుడు ఆ ఉత్తర్వులో మైనారిటీలకు పట్టణాలలో 12 శాతం, గ్రామాలలో 7 శాతం కేటాయించారు. కేంద్రంలోనూ 2006 నాటి ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం ఇందిరా ఆవాస్ యోజన లక్ష్యాలలో పేద మైనారిటీలకు ఒక భాగాన్ని ప్రత్యేకించింది. వాటి అమలు ఎట్లా ఉన్నా, కాగితం మీద ఒక అంకె ఉన్నది, ఆ అంకెను చూపించి అడగడానికి వీలున్నది. ఎల్1 పద్ధతిలో శాతం రాసినా అది స్థలమున్నవారి మధ్యనే పంచుకునే శాతమవుతుంది. కనుక మన కోరిక శాతంతో ఆగకూడదు. పట్టణాలలోని ఎల్2 కుటుంబాలకు ఎప్పటిలోగా, ఎక్కడ, ఏ రూపంలో ఇల్లు ఇస్తారో తేదీతో చెప్పమని అడగాలి.

ఎక్కడ అన్నది ముఖ్యం. కొల్లూరులో కట్టిన 15,660 ఇళ్లు చూడముచ్చటగా ఉన్నాయి. చార్మినార్ నుంచి అక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్లు. లాడ్ బజారులో గాజులకు రాళ్లు అంటించి రోజుకూలి తెచ్చుకునే స్త్రీ అక్కడికి మారితే ఇల్లు దొరికి పని పోతుంది. ఇచ్చిన ఇంటికి తాళం వేసి మళ్లీ అద్దె గదికి వచ్చినవారిని కృతఘ్నులనడం తేలికే. వారి బస్సు చార్జీ లెక్క వేసి చూసినవారు ఆ మాట అనరు. నగరంలోపలే చిన్న ఇల్లయినా చాలునన్నది వారి కోరిక. 2024 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్నవారికి సొంత జాగాలో కట్టుకునే సాయంతోపాటు, భాగస్వామ్యంలో కట్టే ఇళ్లకు, తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు కూడా వేర్వేరు విభాగాలున్నాయి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారు అర్హులు. కుటుంబంలో అందరి ఆధార్ కావాలి. ఎల్2లోని పట్టణ కుటుంబాలను ఈ విభాగాలతో కలిపే పని రాష్ట్ర ప్రభుత్వం, పురపాలక సంఘాలు చేయాలి. పని ఉన్నచోటనే తక్కువ అద్దె ఇళ్లు కట్టించడం కొల్లూరు వంటి దూరపు కాలనీల కంటే మన పట్టణ పేదలకు ఎక్కువ మేలు చేస్తుందని మా విశ్వాసం.

ఆంధ్రప్రదేశ్‌లో సమస్య మరో రూపంలో ఉన్నది. 2020 డిసెంబరు నుంచి ఇచ్చిన పట్టాలలో పట్టణ పేదలకు దక్కినది ఒక సెంటు, గ్రామాలలో ఒకటిన్నర సెంటు. ఇప్పటి ప్రభుత్వం పట్టణాలలో రెండు, గ్రామాలలో మూడు సెంట్లు ఇస్తామన్నది. అక్కడ నేల ఇవ్వడం ప్రభుత్వ విధానంలో భాగంగా ఉన్నది, ఈ మేరకు తెలంగాణ కంటే మేలు. టిడ్కో వారు కట్టిన 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లూ ఉన్నాయి. గుంటూరులోనో కర్నూలులోనో పట్టా వచ్చి కూడా కట్టుకోనివారు ఊరికి దూరమనీ, నీళ్లు లేవనీ చెబుతారు.  అటువంటివారు ఇచ్చిన చోట రోడ్డు, నీరు, దీపం అడగడం ఒక దారి.

ఇందిరమ్మ కమిటీలలో మన వార్డుల నుంచి మైనారిటీ సభ్యులు, అందులోనూ స్త్రీలు ఒకరైనా ఉండేట్లు స్థానిక అధికారులను, ప్రజాప్రతినిధులను రాతపూర్వకంగా అడగాలి. పరిశీలనకు వచ్చిన ఉద్యోగి మొహల్లా మొదటి వీధి చూసి వెనుదిరగకుండా లోపలి గల్లీలకు తీసుకుపోయేవారు ఉండాలి. ప్రతి జమాత్‌లో చదువుకున్న యువకులు నలుగురు, యువతులు నలుగురు వారానికి ఒక సాయంత్రం కూర్చుని, వచ్చినవారి కాగితాలు పరచి పేర్లు సరిచూసి, ఏ కాగితం లేదో ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలా మేలు. ఇందుకు భవనం అక్కరలేదు, బ్యానరు అసలే అక్కరలేదు. ఒక నోటు పుస్తకంలో దరఖాస్తు నంబరు, ఇచ్చిన తేదీ, ఎల్1నా ఎల్2నా అన్నది రాసుకుంటే ఆర్నెల్ల తరువాత ఆ వార్డులో స్థలం లేని కుటుంబాలు ఎన్నో చూపించడానికి మన చేతిలో మనదే ఒక జాబితా ఉంటుంది. కలెక్టరు ముందు ఎల్2 ప్రశ్న పెట్టేనాడు అది కావలసివస్తుంది.

వార్డు సభ, గ్రామసభ తేదీ తెలిసిన వెంటనే మస్జిదు నోటీసు పలక మీద రాయించండి, జుమా నాడు చెప్పించండి. ఆ మాట మస్జిదుకు వచ్చే మగవారి దగ్గరే ఆగిపోకుండా ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు చెప్పే ఏర్పాటు కూడా చేయండి. దరఖాస్తు వారి పేరున ఉన్నది. సభలో పేరు పిలిచినప్పుడు లేచి జవాబు చెప్పవలసినది వారే.